స్ప్రెడ్‌షీట్ల ఉమ్మడి దిద్దుబాటు

స్ప్రెడ్‌షీట్ల ఉమ్మడి దిద్దుబాటు అంటే ఒకే లెక్కల పట్టికను వేర్వేరు చోట్ల ఉన్న పలువురు వ్యక్తులు కంప్యూటరు నెట్‌వర్కు ద్వారా ఒకే సమయంలో తెరచి, చూసి, మార్చగలిగే ఏర్పాటు. ఒకరు చేసిన మార్పు కొద్ది క్షణాలలోనే మిగిలినవారి తెరలపై కనిపిస్తుంది. పట్టికకు ఒకే ఒక అసలు ప్రతి ఉంటుంది. అది సాధారణంగా ఒక సర్వరులో ఉంటుంది. వాడుకరుల తెరలపై కనిపించేవి దాని ప్రతిబింబాలు మాత్రమే. గూగుల్ షీట్స్, మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, జోహో షీట్, ఈథర్‌కాల్క్ ఈ సౌకర్యం గల సాఫ్టువేర్లలో కొన్ని.

ఈ వ్యాసంలో ఉమ్మడి దిద్దుబాటు చరిత్ర, పనిచేసే విధానం, అందులోని చిక్కులు వివరించబడ్డాయి. ఉదాహరణలు తెలంగాణ రాష్ట్రంలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుండి తీసుకోబడ్డాయి. 2016 వరకు ఒకే జిల్లాగా ఉండి, తరువాత విడిపోయిన ఈ ప్రాంతాలకు నదులు, ప్రాజెక్టులు, పాత రికార్డులు నేటికీ ఉమ్మడిగానే ఉన్నాయి. అందువలన ఒకే పట్టికలో పలువురు పనిచేయవలసిన అవసరం ఎలా వస్తుందో తెలుసుకోవటానికి ఇవి తగిన ఉదాహరణలు.

నేపథ్యం

కంప్యూటర్లు రాకముందు లెక్కల పట్టిక అంటే గీతలు గీసిన రిజిస్టరు. గ్రామాలలో పట్వారీ వద్ద పహాణీ, దుకాణంలో ఖాతా పుస్తకం, పాఠశాలలో హాజరు పట్టీ ఇటువంటివే. కాగితపు రిజిస్టరుకు ఒక సహజ రక్షణ ఉంది. పుస్తకం ఒకటే కాబట్టి ఒక సమయంలో ఒకరే వ్రాయగలరు. కొట్టివేసిన అంకె కూడా కనిపిస్తూనే ఉంటుంది, ఎవరి దస్తూరీ ఏదో పోల్చుకోవచ్చు. లోపం ఏమిటంటే, పుస్తకం ఒక చోట ఉంటే మరో చోట ఉన్నవారికి దానిలోని విషయం తెలియదు.

కంప్యూటరులో తయారుచేసిన పట్టికను ఈమెయిలు ద్వారా పంపటం మొదలైన తరువాత ఈ పరిస్థితి తలక్రిందులయింది. పట్టిక అందరికీ అందుబాటులోకి వచ్చింది, కాని అది ఒకటిగా మిగలలేదు. గద్వాలలో ఒక ప్రతి, వనపర్తిలో ఒక ప్రతి, నాగర్‌కర్నూల్‌లో మరొక ప్రతి ఉండి, మూడింటిలోనూ వేర్వేరు మార్పులు జరిగితే అసలు పట్టిక ఏది అన్న ప్రశ్నకు సమాధానం ఉండదు. దస్త్రం పేరు చివర "కొత్తది", "చివరిది", "సరిచేసినది" అని తగిలించుకోవటం ఈ అవస్థ ఫలితమే. రిజిస్టరులోని ఏకత్వాన్ని, ఈమెయిలులోని అందుబాటును కలిపి ఇచ్చే ప్రయత్నమే ఉమ్మడి దిద్దుబాటు.

చరిత్ర

దూరంగా ఉన్న ఇద్దరు ఒకే పత్రంపై కలిసి పనిచేయవచ్చునని అమెరికా శాస్త్రవేత్త డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిపిన ప్రదర్శనలో చూపించాడు. కంప్యూటరు మౌసును ప్రజల ముందు ప్రదర్శించినది కూడా ఆ సభలోనే.

వ్యక్తిగత కంప్యూటరుపై తొలి స్ప్రెడ్‌షీటుగా పేరొందిన విజికాల్క్ 1979లో వెలువడింది. దీనిని డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించారు. ఒక గడిలో అంకె మారిస్తే దానిపై ఆధారపడిన గడులన్నీ తమంతట తామే మారటం దీని ప్రత్యేకత. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింతోష్ కంప్యూటర్ల కొరకు ఎక్సెల్ వచ్చాయి. విండోస్‌పై ఎక్సెల్ 1987లో వచ్చింది. ఇవన్నీ ఒక కంప్యూటరు ముందు ఒక మనిషి కూర్చుని పనిచేస్తాడన్న భావనతో తయారైనవి.

కార్యాలయాలలో కంప్యూటర్లను తీగలతో అనుసంధానించటం మొదలైన తరువాత ఒకే దస్త్రాన్ని పలువురు తెరవవలసి వచ్చింది. ఎక్సెల్ 97లో "షేర్డ్ వర్క్‌బుక్" అనే సౌకర్యం ఉండేది. అందులో ప్రతి వాడుకరీ విడిగా మార్పులు చేసుకుని, భద్రపరచిన సమయంలో వాటిని కలిపేవారు. ఇతరుల మార్పులు వెంటనే కనిపించేవి కావు. 2008లో విడుదలైన ఓపెన్ఆఫీస్ 3.0 లోని కాల్క్‌లో కూడా ఇటువంటి పద్ధతినే చేర్చారు.

వెబ్ బ్రౌజరులోనే పనిచేసే స్ప్రెడ్‌షీట్లు 2006లో ప్రజలకు అందాయి. భారతీయ మూలాలు గల జోహో సంస్థ జోహో షీట్‌ను ఆ సంవత్సరమే విడుదల చేసింది. గూగుల్ సంస్థ తాను కొనుగోలు చేసిన ఎక్స్‌ఎల్2వెబ్ అనే ఉత్పత్తి ఆధారంగా 2006 జూన్ 6న గూగుల్ స్ప్రెడ్‌షీట్స్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్ 2010లో వెబ్‌లో పనిచేసే ఎక్సెల్‌లో, 2017లో కంప్యూటరులో స్థాపించుకునే ఎక్సెల్‌లో ఏకకాల దిద్దుబాటును ప్రవేశపెట్టింది.

విజికాల్క్ రూపకర్త బ్రిక్లిన్ 2000 దశకంలో వికీ పద్ధతిలో దిద్దుకోగల వికీకాల్క్ అనే స్ప్రెడ్‌షీటును కూడా తయారుచేశాడు. అదే తరువాత సోషల్‌కాల్క్‌గా మారింది. దానిపై ఆధారపడి తైవాన్‌కు చెందిన ఆడ్రీ టాంగ్ స్వేచ్ఛా సాఫ్టువేరు అయిన ఈథర్‌కాల్క్‌ను రూపొందించారు. దీనిని ఏ సంస్థ అయినా తన సొంత సర్వరులో పెట్టుకోవచ్చును.

అసలు చిక్కు: పోయిన మార్పు

ఉమ్మడి దిద్దుబాటులో పరిష్కరించవలసిన ప్రధాన సమస్యను కంప్యూటరు శాస్త్రంలో "పోయిన మార్పు" సమస్యగా చెప్పవచ్చు. దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో వివరించవచ్చు.

వనపర్తి ప్రాంతంలో వేరుశనగ ప్రధానమైన పంట. ఒక మార్కెట్ యార్డుకు వచ్చిన వేరుశనగ బస్తాల సంఖ్యను ఒక గడిలో నమోదు చేస్తున్నారనుకుందాం. ప్రస్తుతం అందులో 140 ఉంది. ఒక ద్వారం వద్దనున్న గుమాస్తా 25 బస్తాలు రావటం చూసి, 140కి 25 కలిపి 165 అని వ్రాశాడు. అదే క్షణంలో రెండవ ద్వారం వద్దనున్న గుమాస్తా కూడా తెరపై 140నే చూశాడు. అతని వద్దకు వచ్చినవి 40 బస్తాలు. అతడు 180 అని వ్రాశాడు. రెండవ అంకె మొదటిదానిని తుడిచివేసింది. నిజానికి ఉండవలసినది 205. పట్టికలో ఉన్నది 180. ఇద్దరూ తమ లెక్క సరిగానే చేశారు. ఎవరి తప్పూ లేకుండా 25 బస్తాలు లెక్కలో నుండి మాయమయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, కంప్యూటరు ఏ హెచ్చరికా చేయదు. 180 అనేది చూడటానికి చక్కని అంకె. సూత్రంలో తప్పుంటే గడిలో దోష సూచన కనిపిస్తుంది గాని, పోయిన మార్పుకు అటువంటి సూచన ఉండదు.

పనిచేసే విధానం

ఈ సమస్యకు కాలక్రమంలో మూడు రకాల పరిష్కారాలు వచ్చాయి.

తాళం పద్ధతి: ఒకరు దస్త్రాన్ని తెరచినప్పుడు ఇతరులు దానిని చదవటం తప్ప మార్చలేకుండా చేయటం ఇందులోని పద్ధతి. ఇది కాగితపు రిజిస్టరును పోలి ఉంటుంది. భద్రమైనదే గాని, తెరచినవారు మూయకుండా భోజనానికి వెళితే మిగిలినవారందరూ వేచి ఉండవలసిందే.

విడిగా మార్చి తరువాత కలపటం: అందరూ తమ ప్రతులలో మార్పులు చేస్తారు. భద్రపరచేటప్పుడు తేడాలను పోల్చుతారు. ఇద్దరూ ఒకే చోట మార్పు చేసి ఉంటే ఏది ఉంచాలో మనిషి నిర్ణయిస్తాడు. వికీపీడియాలో ఒకే విభాగాన్ని ఇద్దరు ఒకేసారి మార్చినప్పుడు కనిపించే "దిద్దుబాటు ఘర్షణ" ఈ కోవకు చెందినదే.

ఏకకాల దిద్దుబాటు: ఈ పద్ధతిలో మొత్తం దస్త్రాన్ని కాక, జరిగిన ప్రతి చిన్న చర్యను విడిగా సర్వరుకు పంపుతారు. "12వ వరుస, 4వ నిలువు గడిలో 318 అని వ్రాయి" అన్నది ఒక చర్య. "5వ వరుసకు పైన ఒక కొత్త వరుస చేర్చు" అన్నది మరొక చర్య. సర్వరు ఈ చర్యలన్నింటినీ ఒక క్రమంలో పెట్టి అందరికీ పంపుతుంది. నేటి సాఫ్టువేర్లు వాడేది ఈ పద్ధతినే.

మూడవ పద్ధతిలో ఒక సూక్ష్మమైన ఇబ్బంది ఉంది. గద్వాలలో ఒకరు 5వ వరుసకు పైన కొత్త వరుస చేర్చారు. ఆ సంగతి ఇంకా తెలియని నాగర్‌కర్నూల్ వాడుకరి 12వ వరుసలో ఒక అంకెను మార్చారు. గద్వాల చర్య సర్వరుకు ముందుగా చేరితే పాత 12వ వరుస ఇప్పుడు 13వ వరుస అయిపోతుంది. నాగర్‌కర్నూల్ చర్యను ఉన్నదున్నట్లు అమలుచేస్తే అంకె వేరే గ్రామం ఎదురుగా పడుతుంది. అందువలన సర్వరు ఆ చర్యలోని 12ను 13గా మార్చి అమలుచేస్తుంది. ఈ విధంగా ముందు జరిగిన చర్యలను బట్టి తరువాతి చర్యలను సవరించే పద్ధతిని "ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్" అంటారు. దీనిని 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఏ క్రమంలో చేరినా చివరకు ఒకే ఫలితం వచ్చేలా సమాచారాన్నే ప్రత్యేకంగా అమర్చే మరొక పద్ధతిని 2011లో షపిరో, ఆయన సహచరులు సిద్ధాంతీకరించారు. దీని సంక్షిప్త నామం సీఆర్‌డీటీ.

మార్పులు తెరపై వెంటనే కనిపించాలంటే బ్రౌజరుకు, సర్వరుకు మధ్య సంబంధం తెగకుండా ఉండాలి. ఇందుకు ఉపయోగపడే వెబ్‌సాకెట్ అనే పద్ధతి 2011లో ప్రమాణంగా గుర్తింపు పొందింది. అంతకుముందు బ్రౌజరు సర్వరును మాటిమాటికీ "కొత్త మార్పులున్నాయా?" అని అడుగుతూ ఉండేది.

గడిలో ఇద్దరు వ్రాస్తే

వ్యాసాల వంటి పత్రాలలో ఇద్దరు ఒకే వాక్యంలో వ్రాస్తే ఇద్దరి అక్షరాలూ నిలుస్తాయి. స్ప్రెడ్‌షీటులో అలా కుదరదు. ఒక గడిలో 165, 180 అనే రెండు అంకెలను కలిపి ఒకటి చేయటానికి అర్థం లేదు. కనుక గూగుల్ షీట్స్‌లోను, ఎక్సెల్‌లోను సాధారణంగా చివరగా చేరిన విలువే గడిలో నిలుస్తుంది. ఒకరు ఏ గడిలో ఉన్నారో ఇతరులకు రంగు గీతతో చూపుతారు. అయితే గడిలో టైపు చేస్తున్న అంకె, ఎంటర్ మీట నొక్కిన తరువాతనే సర్వరుకు చేరుతుంది.

అంటే పైన చెప్పిన ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ వంటి పద్ధతులు వరుసలు తారుమారు కాకుండా కాపాడతాయి గాని, బస్తాల ఉదాహరణలోని నష్టాన్ని ఆపలేవు. దానికి పరిష్కారం సాఫ్టువేరులో కాక పట్టిక నిర్మాణంలో ఉంది. మొత్తాన్ని ఒక గడిలో మారుస్తూ పోకుండా, వచ్చిన ప్రతి బండికీ ఒక కొత్త వరుస వ్రాసి, మొత్తాన్ని సూత్రం ద్వారా రాబట్టాలి. అప్పుడు 25 ఒక వరుసలో, 40 మరొక వరుసలో ఉంటాయి. ఏదీ మరొకదానిని తుడిచివేయదు. దుకాణదారులు చిట్టా ఆవర్జాలలో తరతరాలుగా పాటించిన నియమం కూడా ఇదే. చిట్టాలో ప్రతి లావాదేవీ విడిగా వ్రాసిన తరువాతనే ఖాతాలో మొత్తం తేలుతుంది.

జిల్లాల పునర్విభజన ఒక ఉదాహరణ

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగింది. అప్పటివరకు 64 మండలాలతో ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా నుండి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాదు జిల్లాలలో కలిశాయి. తరువాత 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా ప్రత్యేక జిల్లా అయింది. ఏర్పాటు నాటికి మూడు కొత్త జిల్లాలలోని మండలాల సంఖ్య ఇలా ఉంది:

- జోగులాంబ గద్వాల జిల్లా: 12
- వనపర్తి జిల్లా: 14
- నాగర్‌కర్నూల్ జిల్లా: 20

పాత మండలాల నుండి కొన్ని గ్రామాలను విడదీసి కొత్త మండలాలు కూడా ఏర్పరచారు. గద్వాల జిల్లాలో రాజోలి, ఉండవల్లి, వనపర్తి జిల్లాలో శ్రీరంగాపూర్, చిన్నంబావి, నాగర్‌కర్నూల్ జిల్లాలో పదర, ఊర్కొండ వీటిలో కొన్ని.

ఇటువంటి మార్పు వచ్చినప్పుడు పాఠశాలల జాబితా, ఆరోగ్య కేంద్రాల జాబితా, చెరువుల జాబితా, ఓటర్ల జాబితా వంటి ప్రతి పట్టికలోను "మండలం", "జిల్లా" అనే నిలువు వరుసలు మారాలి. ఒక గ్రామం రెండు జిల్లాల జాబితాలలోనూ లేకపోతే ఆ గ్రామానికి రావలసినది రాదు. రెండింటిలోనూ ఉంటే లెక్క రెండింతలవుతుంది. పాత జాబితాను మూడు ముక్కలు చేసి మూడు చోట్ల విడిగా సరిదిద్దితే ఈ రెండు తప్పులూ జరిగే అవకాశం ఎక్కువ. జాబితాను ఒకటిగానే ఉంచి, ముగ్గురూ అందులోనే తమతమ వరుసలను సరిదిద్దితే ఏ గ్రామమూ మధ్యలో పడిపోదు. ఖాళీగా మిగిలిన గడులే ఏ గ్రామం తేలలేదో చెబుతాయి.

మొత్తాన్ని సరిచూసుకోవటానికి కూడా ఒక సులభ మార్గం ఉంటుంది. పై మూడు సంఖ్యలనూ కూడితే 46 వస్తుంది. ఏర్పాటు నాటి జాబితాలో ఈ మూడు జిల్లాల క్రింద మండలాలను లెక్కించినప్పుడు 46 రాకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్లే. తరువాత కొత్త మండలాలు ఏర్పడినప్పుడు ఈ సరిచూపు సంఖ్యను కూడా మార్చుకోవాలి.

తెలుగు పేర్లతో వచ్చే ఇబ్బందులు

పై లెక్కలో తేడా రావటానికి తరచుగా కారణమయ్యేది వర్ణక్రమం. కంప్యూటరు దృష్టిలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి రెండు వేర్వేరు పేర్లు. ఈ ప్రాంతపు ఊర్ల పేర్లు పలు విధాలుగా వ్రాయబడుతున్నాయి:

- గద్వాల, గద్వాల్
- అలంపురం, అలంపూర్
- అయిజ, ఐజ
- పెబ్బేరు, పెబ్బేర్
- మానవపాడు, మానోపాడు
- నాగర్‌కర్నూల్, నాగర్ కర్నూల్, నాగర్‌కర్నూలు

వీటిలో చివరిది మరింత చిత్రమైనది. "నాగర్‌కర్నూల్" అని కలిపి వ్రాసినప్పుడు "ర్" తరువాతి "క" దానికి ఒత్తుగా మారకుండా ఉండటానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేర్చవలసి ఉంటుంది. యూనికోడ్‌లో దీని సంఖ్య 200సి. కొన్ని కీబోర్డులు దీనిని తమంతట తామే చేర్చుతాయి, కొన్ని చేర్చవు. కొందరు దీనికి బదులు ఖాళీ వదులుతారు. ఖాళీకి బదులు ఈ అక్షరం ఉన్నప్పుడు, లేదా పేరు చివర కనిపించని ఖాళీ మిగిలిపోయినప్పుడు పలు సాఫ్టువేర్లు వాటిని వేర్వేరు పదాలుగా లెక్కిస్తాయి. ఇరవై మండలాలు ఉండవలసిన చోట పందొమ్మిదే కనిపించి, ఇరవయ్యవది అదే పేరుతో విడిగా మరొక జిల్లాగా తేలుతుంది. ముగ్గురు నలుగురు వేర్వేరు కీబోర్డులతో ఒకే పట్టికలో వ్రాస్తున్నప్పుడు ఇది మరింత ఎక్కువగా జరుగుతుంది.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది, పేరును టైపు చేయనివ్వకుండా ముందుగా ఇచ్చిన జాబితా నుండి మాత్రమే ఎంచుకునేలా గడిని అమర్చటం. దాదాపు అన్ని స్ప్రెడ్‌షీట్లలోను ఈ సౌకర్యం ఉంది. రెండవది, పేరుతో పాటు ఒక సంకేత సంఖ్యను వాడటం. భారత ప్రభుత్వ పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఒకే పేరు గల ఊర్లు రెండు మండలాలలో ఉన్నప్పుడు ఈ సంఖ్య తప్పనిసరి అవుతుంది.

నదుల నీటిమట్టాలు

కృష్ణా నదిపై నిర్మించిన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఎడమ కాలువ వనపర్తి వైపు, కుడి కాలువ గద్వాల వైపు నీరందిస్తాయి. దిగువన నాగర్‌కర్నూల్ జిల్లా సరిహద్దులో కృష్ణానది శ్రీశైలం జలాశయంలో కలుస్తుంది. కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఎగువన నీరు వదిలిన సంగతి రెండు ఒడ్డులవారికీ ఒకేసారి తెలియవలసి ఉంటుంది.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణా నదులకు వచ్చిన వరదలో రాజోలి, అలంపురం ప్రాంతాలు, కర్నూలు నగరం మునిగాయి. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. ఇటువంటి సమయంలో ఏ గంటకు ఎక్కడ ఎంత నీరుందన్న పట్టిక ప్రాణాలకు సంబంధించిన పత్రం అవుతుంది.

ఇటువంటి పట్టికను ఉమ్మడిగా నిర్వహించవలసి వస్తే దాని నిర్మాణంలో జాగ్రత్త అవసరం. "ప్రస్తుత నీటిమట్టం" అని ఒకే గడి పెట్టి అందరూ దానినే మారుస్తూ పోతే ప్రమాదం ఉంది. ఒకరు ఉదయం 6 గంటల మట్టాన్ని తన ఫోనులో వ్రాశారు. అప్పుడు సిగ్నలు లేదు. 8 గంటలకు మరొకరు పెరిగిన మట్టాన్ని వ్రాశారు. 9 గంటలకు మొదటివారి ఫోనుకు సిగ్నలు రాగానే 6 గంటల నాటి అంకె సర్వరుకు చేరింది. చివరగా చేరిన విలువే నిలిచే పద్ధతిలో నీటిమట్టం తగ్గినట్లు కనిపిస్తుంది. నిజానికి నది పెరుగుతూ ఉంది. చివరగా చేరినది చివరగా కొలిచినది కాదు.

కొలిచిన సమయం, స్థలం, కొలిచినవారి పేరు, మట్టం అనే నాలుగు గడులతో ప్రతి కొలతకూ విడి వరుస ఉంటే ఆలస్యంగా వచ్చిన అంకె తన సమయం ఎదురుగానే కూర్చుంటుంది. ప్రస్తుత మట్టం కావాలంటే కొలిచిన సమయాలలో అన్నింటికంటే తరువాతిదానిని సూత్రం ద్వారా తెచ్చుకోవచ్చు.

అనుమతులు, చరిత్ర, గోప్యత

ఉమ్మడి పట్టికలో సాధారణంగా మూడు స్థాయిల అనుమతులు ఉంటాయి: చూడటం, వ్యాఖ్యానించటం, మార్చటం. కొన్ని వరుసలను లేదా ఒక పుటను కొందరు మాత్రమే మార్చగలిగేలా కూడా అమర్చవచ్చు. ఉదాహరణకు మూడు జిల్లాలకు మూడు పుటలుంటే, ఎవరి పుటను వారే మార్చేలా చేసి, మొత్తాల పుటను అందరూ చూడగలిగేలా ఉంచవచ్చు.

ప్రతి మార్పునూ తేదీ, సమయం, మార్చినవారి పేరుతో భద్రపరచే "కూర్పుల చరిత్ర" మరొక ముఖ్యమైన సౌకర్యం. పొరపాటున చెరిగిపోయిన సమాచారాన్ని దీని సహాయంతో పాత స్థితికి తేవచ్చు. కాగితంపై కొట్టివేత కనిపించినట్లే ఇక్కడ పాత అంకె కనిపిస్తుంది. అయితే అందరూ ఒకే ఖాతా పేరుతో లోనికి వస్తే ఈ చరిత్రకు విలువ ఉండదు. ఏ మార్పు ఎవరు చేశారో తేలదు. ఒకే సంకేతపదాన్ని కార్యాలయమంతా వాడే అలవాటు ఈ కారణంగా హానికరం.

గోప్యత విషయంలో ఎక్కువ నష్టం కలిగించేది "లింకు ఉన్న ఎవరైనా" అనే అమరిక. లింకు ఒకసారి వాట్సాప్ సమూహంలో పడితే ఎందరి చేతికి చేరిందో చెప్పటం అసాధ్యం. ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఫోను నంబర్లు, వ్యాధుల వివరాలు ఉన్న పట్టికలను ఈ అమరికతో ఉంచరాదు. డిజిటల్ రూపంలోని వ్యక్తిగత సమాచార రక్షణకు భారత పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టం చేసింది.

పరిమితులు

- పరిమాణం: 2003 వరకు వచ్చిన ఎక్సెల్ దస్త్రాలలో ఒక పుటకు 65,536 వరుసలే ఉండేవి. ఎక్సెల్ 2007 నుండి అది 10,48,576కు పెరిగింది. గూగుల్ షీట్స్‌లో ఒక దస్త్రానికి కోటి గడుల పరిమితి ఉంది. ఒకేసారి 100 మంది వరకు పనిచేయవచ్చు.
- నెట్‌వర్కు: ఏకకాల దిద్దుబాటుకు నిరంతర సంబంధం అవసరం. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరును చేర్చే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011లో ఆమోదం తెలిపింది. తరువాత దీనికి భారత్‌నెట్ అని పేరు వచ్చింది. అయినప్పటికీ నల్లమల అడవిలోని చెంచు పెంటల వంటి చోట్ల సిగ్నలు దుర్లభం. అటువంటి చోట ముందు కాగితంపై వ్రాసి, తరువాత ఎక్కించటమే మేలు.
- వరుసల అమరిక: ఒకరు పట్టికను అక్షర క్రమంలో అమర్చితే అందరి తెరలపైనా వరుసలు మారిపోతాయి. దీనిని నివారించటానికి ఎవరికి వారు విడిగా అమర్చి చూసుకునే సౌకర్యాన్ని వాడాలి.
- నియమాల లోపం: స్ప్రెడ్‌షీటు ఏ గడిలో ఏది వ్రాసినా స్వీకరిస్తుంది. అంకె ఉండవలసిన చోట మాట ఉన్నా ఆపదు.

పరిమాణ పరిమితిని మరచిపోతే ఏమవుతుందో 2020లో బ్రిటన్‌లో తెలిసింది. అక్కడి ప్రజారోగ్య సంస్థ కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ రూపంలోకి మార్చేటప్పుడు వరుసలు చాలక, సెప్టెంబరు 25 - అక్టోబరు 2 మధ్య 15,841 కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. వారితో కలిసి తిరిగినవారికి హెచ్చరికలు ఆలస్యమయ్యాయి.

డేటాబేసుతో భేదం

పట్టిక పెద్దదై, హక్కులకు సంబంధించినదైతే స్ప్రెడ్‌షీటుకు బదులు డేటాబేసు వాడటం సరైనది. డేటాబేసులో ఒక మార్పు పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగదు. భూమి అమ్మకంలో ఒకరి పేరు తొలగించటం, మరొకరి పేరు చేర్చటం అనే రెండు పనులలో ఒకటి జరిగి మరొకటి ఆగిపోయే వీలు లేదు. తెలంగాణలో భూముల రికార్డులకై 2020లో ప్రారంభమైన ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి ఈ కోవకు చెందిన వ్యవస్థలు. అయితే డేటాబేసును తయారుచేయటానికి నిపుణులు, కాలం, ధనం కావాలి. ఒక పాఠశాల, ఒక రైతు సంఘం, ఒక చేనేత సహకార సంఘం తమ లెక్కలకు అంత ఏర్పాటు చేసుకోలేవు. వాటికి ఉమ్మడి స్ప్రెడ్‌షీటు చాలు.

పాటించవలసిన నియమాలు

- ఒక్కో సంఘటనకు ఒక్కో వరుస వాడాలి. మొత్తాలను చేతితో వ్రాయక సూత్రంతో తీయాలి.
- ఊరి పేరుతో పాటు సంకేత సంఖ్య ఉండాలి. పేర్లను జాబితా నుండి ఎంచుకోవాలి.
- ఒక గడిలో ఒకే విషయం వ్రాయాలి. అంకె ప్రక్కన "కిలోలు", "ఎకరాలు" అని వ్రాయరాదు. కొలమానం శీర్షికలో ఉండాలి.
- తేదీని అందరూ ఒకే క్రమంలో వ్రాయాలి. 5-6 అంటే జూన్ 5 అనుకునేవారు, మే 6 అనుకునే కంప్యూటరు ఒకే పట్టికలో ఉంటే తప్పు తెలియకుండానే జరిగిపోతుంది.
- సూత్రాలున్న గడులను ఎవరూ మార్చకుండా రక్షించాలి.
- ఎవరి ఖాతాతో వారే లోనికి రావాలి. పని పూర్తయినవారి అనుమతిని తొలగించాలి.
- వారానికి ఒకసారి ఒక ప్రతిని విడిగా దింపుకుని భద్రపరచాలి. సర్వరులో ఉన్నంత మాత్రాన సమాచారం శాశ్వతం కాదు.
- సరిచూపు సంఖ్య ఒకటి పట్టిక పైభాగంలోనే కనిపించేలా ఉంచాలి. అది తప్పితే ఆ రోజే వెదకాలి. ఎక్కువ కాలం గడిస్తే ఏ మార్పు వలన తేడా వచ్చిందో కనుగొనటం కష్టమవుతుంది.